చెమ్మను పట్టే ఇసుక

పలాసలో జీడిపప్పు బేరానికి వచ్చినవారు ముందు ఒక పలుకు కొరికి చూస్తారు. టక్కున విరిగితే మంచి సరుకు. పంటికి మెత్తగా తగిలితే చెమ్మ ఎక్కిందని అర్థం. అందుకే పిక్క కాల్చి, పప్పు వలిచి, వేడిగదిలో ఆరబెట్టి, తేమ 5 శాతం దాటకుండా చూసుకుంటారు. డబ్బాలోంచి గాలి తీసేసి, బొగ్గుపులుసు వాయువో నత్రజనో నింపి మూత బిగిస్తారు. ఇంత జాగ్రత్త తెలిసిన ఊళ్లోనే ఆషాఢం రాగానే పెళ్లిళ్లు ఆగిపోతాయి, వాటిని తీసే కెమెరాలు తోలుసంచుల్లో దూరి బీరువా అడుగు అరకు చేరతాయి. అదే సమయానికి బయట నైరుతి వానలు జోరందుకుంటాయి.

శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యాక లెన్సు బయటికి తీసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే, లోపలి గాజు మీద సాలెగూడు లాంటి తెల్లని పోగులు కనబడతాయి. అది బూజు. దాని విత్తనాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, కొత్త లెన్సులోనూ ఉంటాయి. చీకటి, కదలని గాలి, 65-70 శాతం దాటిన తేమ దొరికితే అవి మొలకెత్తుతాయి. వేలిముద్రల జిడ్డు, దుమ్ము, లెన్సు తిప్పుడు మరలకు రాసిన నూనె వాటికి తిండి. పెరిగే కొద్దీ అవి వదిలే ఆమ్లం గాజు మీది పలుచని పూతను తినేస్తుంది. ఆ తర్వాత బూజును తుడిచినా మచ్చ మిగులుతుంది.

బూజు వెనకాలే పురుగు వస్తుంది. పాత పుస్తకాలు తెరిస్తే మిల్లీమీటరు పొడవున పాలిపోయిన రంగులో చకచకా పరుగెత్తే పేను లాంటి పురుగు కనబడుతుంది. దాని తిండి ఆ బూజే. అది నీరు తాగదు, గాలిలోని తేమను ఒంట్లోకి పీల్చుకుని బతుకుతుంది. తేమ 50 శాతం కన్నా తగ్గి అలాగే ఉంటే కొన్నాళ్లకు ఎండి చస్తుంది. కాబట్టి దుమ్మును గట్టి మూతతో ఆపాలి, బూజునూ పురుగునూ మాత్రం తేమను తీసేసి ఆపాలి.

మన తీరంలో ఆ తేమకు కొదవ లేదు. భావనపాడు నుంచి బారువ దాకా ఒకవైపు సముద్రం, ఇంకోవైపు ఉద్దానం కొబ్బరి, జీడితోటల నీడ, టెక్కలి దాపున నౌపడ ఉప్పుమళ్లు. ఆ ఉప్పే మనకు తేమ కొలిచి చెబుతుంది. శుద్ధమైన ఉప్పు, గాలిలో తేమ సుమారు 75 శాతం దాటగానే నీరు పీల్చి కరగడం మొదలుపెడుతుంది. మళ్లలో పండే కల్లుప్పులో మెగ్నీషియం లవణాలు కలిసి ఉంటాయి కాబట్టి అది ఇంకా ముందే చెమ్మగిల్లుతుంది. వంటింట్లో ఉప్పుజాడీ నీరు కారుతోందంటే బీరువాలో బూజు పెరిగే రోజులు వచ్చినట్టే. తేలినీలాపురంలో గూడబాతులను, బారువ ఒడ్డున తాబేళ్లను ఫొటో తీసి ఇంటికి వచ్చిన కెమెరా మీద కంటికి కనబడని ఉప్పురేణువులు అంటుకుని ఉంటాయి. ప్రతి రేణువూ చెమ్మను లాక్కుంటూనే ఉంటుంది.

ఈ బూజు బాధ ప్రపంచం దృష్టికి వచ్చింది రెండో ప్రపంచయుద్ధంలో. న్యూగినియా అడవుల్లో సైనికుల దూరదర్శినులూ తుపాకుల గురికద్దాలూ బూజు పట్టి చూపు మసకబారాయి. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రవేత్త జె.ఎస్. టర్నర్, శిలీంధ్రాల నిపుణురాలు ఎథెల్ మెక్‌లెనన్, వారి సహచరులు దీని మీద పనిచేశారు. పాదరసం కలిసిన ఒక మందును పరికరాల లోపల ఉంచితే బూజు పెరగదని 1946లో ‘నేచర్’ పత్రికలో వివరించారు. కానీ పాదరసం విషం, ఇళ్లలో వాడదగ్గది కాదు. ఇళ్లకు పనికొచ్చిన ఉపాయం ఇంకో దారిన వచ్చింది.

అది పుట్టింది ఇసుకలోంచి. ఇసుకనూ సోడానూ కలిపి కొలిమిలో కరిగిస్తే సోడియం సిలికేట్ వస్తుంది. దాన్ని నీటిలో కరిగించి ఆమ్లం పోస్తే తాటిముంజలా వణికే ముద్దగా పేరుకుంటుంది. కడిగి ఆరబెడితే ఆ ముద్ద కుదించుకుపోయి గట్టి గాజుపలుకుల్లా మారుతుంది. అదే సిలికా జెల్. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువుల నుంచి కాపాడే ముఖతొడుగుల డబ్బాల్లో దీన్ని వాడారు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర ఆచార్యుడు వాల్టర్ ప్యాట్రిక్ 1919లో దీని తయారీకి పేటెంటు పొందాడు. రెండో యుద్ధం నాటికి ఇది పెనిసిలిన్‌ను పొడిగా ఉంచే పనిలోకి, సైనిక పరికరాలను చెమ్మ నుంచి కాపాడే పనిలోకి వచ్చింది. ఇవాళ కొత్త చెప్పుల పెట్టెలో, మాత్రల సీసాలో కనబడే చిన్న పొట్లం దాని వారసురాలే.

దాని బలమంతా లోపలి రంధ్రాల్లో ఉంది. ఒక్క గ్రాము జెల్‌లోని రంధ్రాల గోడలన్నీ పరిచి కొలిస్తే 700 చదరపు మీటర్ల దాకా వస్తాయి. అంటే ఆరు గ్రాముల పలుకుల్లో ఉద్దానంలో ఒక ఎకరం కొబ్బరితోటంత విస్తీర్ణం ఉంది. నీటి అణువులు ఆ గోడలకు అతుక్కుంటాయి. అందుకే ఎంత నీరు పట్టినా పలుకు చేతికి పొడిగానే తగులుతుంది. వేడిచేస్తే పట్టిన నీటిని వదిలేసి మళ్లీ పనికి సిద్ధమవుతుంది.

కెమెరా పెట్టెకు ఎంత జెల్ కావాలో లెక్క వేద్దాం. 30 డిగ్రీల వేడిలో, 80 శాతం తేమలో, 20 లీటర్ల పెట్టెలోని గాలిలో ఉండే నీరు అర గ్రాము మాత్రమే. 100 గ్రాముల జెల్ 40 శాతం తేమ దగ్గర కూడా సుమారు 20 గ్రాముల నీటిని పట్టి ఉంచగలదు. మరి పెట్టెలో తేమ ఎందుకు తగ్గదని కొందరు అడుగుతారు. కారణం గాలి కాదు. తోలుసంచీ, మెడపట్టీ, మెత్తని నురుగుదిండు గ్రాముల కొద్దీ నీటిని దాచుకుని ఉంటాయి. అందుకే సంచీని బయటే ఉంచి, కెమెరానూ లెన్సులనూ మాత్రమే పెట్టెలో పెట్టాలి.

మూతకు రబ్బరు అంచు ఉండి గట్టిగా బిగిసే ప్లాస్టిక్ డబ్బా చాలు. అందులో గుడ్డసంచీలో 100 నుంచి 200 గ్రాముల జెల్, ఒక చిన్న తేమకొలత పరికరం ఉంచాలి. ముల్లు 40, 50 శాతాల మధ్య నిలవాలి. 30 కన్నా తగ్గితే రబ్బరు, తోలు, నూనెలు ఎండిపోతాయి. కొలత సరైనదో కాదో ఉప్పే చెబుతుంది. సీసామూతలో ప్యాకెట్ ఉప్పు పోసి, నాలుగు చుక్కల నీటితో ముద్దచేసి, తేమకొలతతో పాటు చిన్న డబ్బాలో మూసి రాత్రంతా ఉంచితే ముల్లు 75 చూపాలి.

జెల్ అలసిపోయిందని రంగు చెబుతుంది. నీలం పలుకులు గులాబీ రంగుకు మారతాయి. ఆ నీలానికి వాడే కోబాల్ట్ క్లోరైడ్ క్యాన్సర్ తెస్తుందన్న భయంతో ఇప్పుడు నారింజ రంగువి వస్తున్నాయి, అవే కొనండి. 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేసి, మూసిన డబ్బాలో చల్లార్చి మళ్లీ వాడుకోవచ్చు. రంగు పలుకులను వంటపాత్రల్లో వేయించకండి.

జెల్‌కు బదులు బియ్యం పోసేవారున్నారు. బియ్యం వెంట పిండిదుమ్మూ పురుగూ రెండూ వస్తాయి. కలరా ఉండలు వేసేవారూ ఉన్నారు. వాటి ఆవిరి గాజు మీద పొరలా పేరుకుంటుంది, ప్లాస్టిక్‌ను పాడుచేస్తుంది. రెండూ వద్దు. సముద్రపు ఒడ్డు నుంచి వస్తే కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో కెమెరా పైభాగాన్ని తుడిచి, పూర్తిగా ఆరాకే లోపల పెట్టండి.

కరెంటుతో నడిచే పొడి అల్మారాలు దొరుకుతున్నాయి, మంచివే. అయితే 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు కూలి, ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి రోజుల్లో కరెంటు అడగకుండా పనిచేసేది పెట్టెలోని ఈ ఇసుకబిడ్డే. అందుకే మన తీరానికి మొదటి ఎంపిక ఇదే అని నా మాట.

ఆ తుపానుకు నేలకూలిన కొబ్బరితోటలు ముందు ఎలా ఉండేవో ఇవాళ పిల్లలకు చూపాలంటే మన దగ్గర మిగిలినవి ఫొటోలే. వాటిని తీసిన కన్నును బూజుకు వదిలేయకండి. ఈ ఆషాఢం రాకముందే ఒక గట్టి డబ్బా, గుప్పెడు జెల్ తెచ్చిపెట్టుకోండి.