బుద్ధుడు లేని హుస్సేన్‌సాగర్

హైదరాబాద్‌లో నలభై యాభై ఏళ్లుగా ఉంటున్న ఏ ఇంట్లోనైనా పాత ఆల్బమ్ తెరవండి. ట్యాంక్‌బండ్ మీద దిగిన ఫొటో ఒకటి దొరికి తీరుతుంది. పట్టు పరికిణీ కట్టిన పిల్ల, బెల్‌బాటమ్ వేసిన మేనమామ, ఎండకు కళ్లు చికిలించిన అమ్మమ్మ. మనుషుల్ని గుర్తుపట్టాక వాళ్ల వెనక ఏముందో చూడండి. నీళ్ల మధ్య బుద్ధుడు ఉన్నాడా? లేకపోతే అది 1992 డిసెంబరుకు ముందు తీసిందన్నమాట. రాయగిరి రాతితో చెక్కిన ఆ విగ్రహం 1990 మార్చిలో సాగర్ మధ్యకు తరలిస్తుండగా నీళ్లలో మునిగిపోయింది. కొందరి ప్రాణాలూ పోయాయి. రెండున్నరేళ్లకు పైగా అడుగున పడి ఉండి, 1992 డిసెంబరు 1న పీఠం మీదికి చేరింది. ఇక గట్టు మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలు కూడా కనబడలేదంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. అవి ఎన్టీఆర్ హయాంలో వచ్చినవి.

ఆ ఫొటో తీసిన బాబాయికి ఇవేవీ పట్టి ఉండవు. రీలులో ఉన్నవి ముప్ఫై ఆరు. పిల్ల నవ్వితే చాలనుకుని బటన్ నొక్కాడు. వెనకాల ఊరు దానంతటదే వచ్చి పడింది. ఊరిని ఎక్కువ కాలం భద్రపరిచేది ఇలాంటి వాళ్లేనని నా నమ్మకం. పర్యాటక శాఖ పోస్టర్‌లో గోల్కొండ ఎప్పుడూ ఒకే రంగులో మెరుస్తుంది. దాని పక్కన ఆ ఏడు ఏ సినిమా వాల్‌పోస్టర్ అంటించి ఉందో, టీకొట్టు ఎక్కడ ఉండేదో అందులో కనబడదు.

మన ఊరి మొదటి గొప్ప ఫొటోగ్రాఫర్ కూడా సరదా కొద్దీ మొదలుపెట్టినవాడే. మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో పుట్టిన దీన్ దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందోర్‌లో ప్రజాపనుల శాఖలో ఉద్యోగం చేసేవాడు. కెమెరా పట్టింది ఆ ఉద్యోగంలో ఉండగానే. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కొలువులో చేరి, రాజా బిరుదు పొంది, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపాడు. ఆయన గాజు నెగటివ్‌లు వేల సంఖ్యలో నేటికీ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. వేటలు, విందులు, మహళ్లు, దొరల రాకపోకలు అన్నీ వాటిలో చూస్తాం. కొలువు పని కాబట్టి కొలువు చూడమన్నదే ఎక్కువగా చూశాడు. బేగంబజార్ దుకాణదారు అప్పుడు ఎలా కూర్చునేవాడో చూపించమని ఆయన్ను ఎవరూ అడిగి ఉండరు. ఇప్పుడు మనల్నీ ఎవరూ అడగడం లేదు. కానీ కెమెరా అందరి జేబుల్లోనూ ఉంది.

మొదలుపెట్టేవాళ్లంతా చార్మినార్‌తోనే మొదలుపెడతారు, మంచిదే. 1591 నుంచి నిలబడి ఉన్న కట్టడం ఒక్క ఫొటోకు లొంగదు. పొద్దున్నే లాడ్‌బజార్ వైపు నుంచి చూస్తే సూర్యుడు దాని వెనక ఉంటాడు. సున్నపు నగిషీలన్నీ చీకట్లో కలిసిపోయి, మినార్లు నల్లటి గీతల్లా మిగులుతాయి. అక్కడే సాయంత్రం నిలబడితే ఎండ నేరుగా పడమటి ముఖం మీద పడుతుంది. కమాను మీది గడియారం, అంతస్తుల అంచున సున్నంతో తీర్చిన పువ్వులు, వాటి మీద వాలిన పావురాలు విడివిడిగా కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి ఫోన్ పైకి వంచితే మినార్లు లోపలికి వాలిపోయినట్టు వస్తాయి. వీలైనంత వెనక్కి నడిచి, ఫోన్‌ను గోడలాగా నిటారుగా పట్టుకోవాలి. అప్పుడు ఫొటో కింది సగంలోకి బజారు వస్తుంది. దాన్ని కత్తిరించేయకండి. 2019 మేలో ఒక మినారు నుంచి గచ్చు పెచ్చు ఊడి కిందపడింది. అంతకుముందు అక్కడ ఏ పువ్వు ఉండేదో, ఏ తీగ ఉండేదో చెప్పడానికి ఎవరో సరదాగా తీసుకున్న ఫొటో కూడా సాక్ష్యమే.

మనుషుల దగ్గర మాత్రం తొందరపడకూడదు. లక్కగాజు మీద ఒక్కొక్క రాయీ అద్దుతున్న మనిషి మొహంలోకి ఫోన్ పెట్టేముందు "భాయ్, ఏక్ ఫొటో లేలూఁ?" అని అడగండి. వద్దంటే వద్దు. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే అనుమతి కావాలి. భవనాల ఫొటో తీసి ప్రచురించుకోవడానికి మాత్రం మన కాపీరైట్ చట్టం అడ్డు చెప్పదు.

చార్మినార్ ఎక్కడికీ పోదు. పోయేవాటి సంగతే నా బెంగ. ఈ ఊరి గ్రానైటు గుండ్లు రెండు వందల కోట్ల ఏళ్లకు పైబడినవి. ఒకదాని మీద ఒకటి ఎలా నిలిచాయో అంతుపట్టని ఆ గుట్టల్ని కాపాడుకుందామని 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' పుట్టింది. అయినా గచ్చిబౌలి వైపు ఎన్నో పగిలి పునాదుల్లోకి వెళ్లిపోయాయి. పాత సచివాలయంతో పాటు సైఫాబాద్ ప్యాలెస్‌ను 2020 జులైలో కూల్చేశారు. ఆ ప్రాంగణానికి ఏళ్ల తరబడి రోజూ వచ్చిపోయిన గుమస్తాల్లో ఎంతమంది ఫోన్లలో ఆ మెట్లు, ఆ వరండా ఉన్నాయి? సెండాఫ్ పార్టీల ఫొటోల వెనక ఉండే ఉంటాయి. వెతికి బయటకు తీయాలి.

ఇప్పుడు తీయాల్సింది ఏదని అడిగితే నేను నయాపూల్ అంటాను. పొద్దున వంతెన మీద పడమటి ముఖంగా నిలబడండి. సూర్యుడు వీపు వెనక ఉంటాడు. కుడిచేత ఉస్మానియా ఆసుపత్రి, ఎడమచేత హైకోర్టు, నడుమ మూసీ. 1908 సెప్టెంబరు వరద ఈ ఒడ్లను ఊడ్చుకుపోయాక లేచిన భవనాలివి. హైకోర్టు 1920లో, ఆసుపత్రి 1925లో వాడుకలోకి వచ్చాయి. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఆ వరదలో నూట యాభై మందిని కొమ్మల మీద కాపాడిందని ఊరంతా చెప్పుకుంటుంది. పాత భవనంలోని వార్డుల్ని 2020లో ఖాళీ చేయించారు. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. హైకోర్టుకు రాజేంద్రనగర్‌లో 2024 మార్చిలో పునాదిరాయి వేశారు. 2024లోనే మూసీ ఒడ్డు ఇళ్ల గోడల మీద కూల్చివేత కోసం ఎర్ర రంగుతో గుర్తులు వేశారు.

గుమ్మటాలు నిలిచినా వాటి చుట్టూ బతుకు మాత్రం తరలిపోతుంది. కాబట్టి గుమ్మటం కోసం మెడ ఎత్తే ముందు కింద చూడండి. చెట్టు కింద చాప పరిచి, క్యారియర్ విప్పిన పేషెంటు తాలూకు మనుషులు. ఎక్స్‌రే కవరు ఎండకు ఎత్తి చూసుకునే తండ్రి. మందుల చీటీలు పట్టుకుని అఫ్జల్‌గంజ్ వైపు పరిగెత్తే కుర్రాడు. అవతలి ఒడ్డున నల్లకోట్లు, కాగితాల కట్టలు, జిరాక్స్ కొట్లు. కోర్టు లోపల ఫొటోలు కుదరవు, రోడ్డు మీద నుంచి ఎన్నైనా తీసుకోవచ్చు. మూడు నెలలకోసారి అదే చోట, అదే వేళకు నిలబడి తీస్తే ఒక వరుస తయారవుతుంది. ఈ పని ఊళ్లో ఉండేవాడికే సాధ్యం.

తీసినదాని కింద తేదీ, చోటు, ఏ దిక్కుకు చూస్తూ తీశారో తెలుగులో ఒక్క వాక్యం రాయండి. వాట్సాప్‌లో పంపితే ఫొటో నాణ్యత తగ్గడమే కాదు, అందులోని తేదీ, చోటు వివరాలు కూడా ఎగిరిపోతాయి. అసలు ఫైలు విడిగా దాచుకోవాలి. మంచివి వికీమీడియా కామన్స్‌లో ఉంచితే తెలుగు వికీపీడియాలో మన ఊరి వ్యాసాలకు పనికొస్తాయి.

నయాపూల్‌కు ఆదివారం వెళ్లకండి. కోర్టు ఉండదు, ఆసుపత్రి ఓపీ ఉండదు. సోమవారం పది గంటలకు, రెండు ఒడ్లూ కిటకిటలాడే వేళకు వెళ్లండి.