విదేశంలో పెళ్ళికి పిలుపొచ్చిందా?

ఒకప్పుడు అగళి నుంచి పెళ్ళికి వెళ్ళాలంటే మడకశిరకో, శిరాకో బస్సెక్కితే సరిపోయేది. మరీ దూరమంటే తిరుపతి కొండ. ఇప్పుడలా కాదు. బెంగుళూరులో ఉద్యోగాలు చేసే మన పిల్లలు దుబాయిలోనో, బాలిలోనో ముహూర్తం పెట్టుకుంటున్నారు. 2023 నవంబరు 1న నటుడు వరుణ్ తేజ్, లావణ్య త్రిపాఠి ఇటలీలోని టస్కనీలో పెళ్ళి చేసుకున్న ఫొటోలు మనమంతా చూసినవే.

శుభలేఖ చేతికి రాగానే మన ధ్యాసంతా ఏ ధర్మవరం చీర కట్టాలి, ఏ నగ పెట్టుకోవాలి అనే దాని మీదికి పోతుంది. సహజమే! కానీ విదేశంలో పెళ్ళికైతే ముందు తీయాల్సింది చీరల బీరువా కాదు, పాస్‌పోర్టు.

పాస్‌పోర్టులో పేరు ఎలా ఉంది?

మన వైపు చాలామంది ఆడవాళ్ళకి కాగితాల్లో లక్ష్మమ్మ, రత్నమ్మ అని ఒక్క పేరే ఉంటుంది. ఇంటిపేరు ఉండదు, ఉన్నా ఒక పొడి అక్షరం. ఊళ్ళో దీనితో ఇబ్బంది లేదు. కానీ దుబాయి ఉన్న యు.ఏ.ఇ. దేశం 2022 నవంబరులో ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవారిని రానివ్వబోమని చెప్పింది. తర్వాత, పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో, ఇంటిపేరో ఉంటే చాలని సడలించింది. కొత్తగా పాస్‌పోర్టు తీసుకునేవారు ముందు ఆధార్‌లో ఇంటిపేరు, పేరు పూర్తిగా రాయించుకోండి. పాస్‌పోర్టులోనూ, టికెట్టులోనూ అక్షరం తేడా లేకుండా అదే పేరు ఉండాలి.

పాత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు గడువు చూసుకోండి. ప్రయాణం నాటికి ఇంకా ఆరు నెలలు మిగిలి ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. వీసా సంగతి దేశానికో తీరు. ఇటలీలాంటి యూరప్ దేశాలకైతే 30 వేల యూరోలకు తగ్గని ప్రయాణ బీమా చూపించాలి, వేలిముద్రలకి స్వయంగా వెళ్ళాలి. అందుకే పిలిచినవారిని మొహమాటపడకుండా అడగండి: వీసా, టికెట్టు ఎవరు చూస్తారు? ఖర్చు ఎవరిది? గది ఎన్ని రోజులకి? ముందే అడిగితే తప్పు లేదు, ఆఖర్న అడిగితేనే ఇద్దరికీ ఇబ్బంది.

నగలకి రసీదు

పెళ్ళంటే మెడలో నాలుగు నగలుండాల్సిందే. అయితే తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ వాళ్ళు "ఈ బంగారం అక్కడ కొన్నదా?" అంటే ఏం చెబుతాం? ఆడవాళ్ళకి 40 గ్రాముల వరకు సుంకం లేదని అందరూ అంటారు. అది విదేశంలో ఏడాదికి పైగా ఉండి వచ్చినవారికే. వారం రోజుల పెళ్ళికి వెళ్ళొచ్చే మనకి వర్తించదు.

దీనికి సులువైన దారి ఉంది. వెళ్ళేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్ కౌంటరు దగ్గర నగలు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. నగల బిల్లులు, ఫొటోలు వెంట ఉంచుకోండి. అమ్మమ్మ నాటి గొలుసుకి బిల్లెక్కడ ఉంటుంది అంటారా? ప్రభుత్వ గుర్తింపు ఉన్న వాల్యూయర్ దగ్గర బరువు, విలువ రాయించుకుంటే సరి. ఇంత శ్రమ ఎందుకనుకుంటే రెండు నగలతోనే వెళ్ళండి. ఏదైనా సరే, బంగారం చేతిసంచిలోనే ఉండాలి.

పెట్టెలో ఏవి వద్దు?

అత్తలూ పిన్నమ్మలూ పూజ సామాను సర్దేస్తారు. హారతి కర్పూరం, అగ్గిపెట్టె మండే సరుకు కింద లెక్క, పెట్టెలో పెట్టనివ్వరు. ఎండు కొబ్బరి చిప్పలదీ అదే దారి, వాటిలో నూనె ఎక్కువ.

గసగసాలు మనకి వంట దినుసు. దుబాయిలో, సింగపూరులో మాత్రం అవి నిషేధం, మసాలా పొడిలో కలిపినవి కూడా వద్దు. దుబాయికి తమలపాకులూ తీసుకుపోకూడదు. ఆస్ట్రేలియా, అమెరికాలకైతే మామిడాకులు, పూలు, అక్షింతల బియ్యం ఇక్కణ్ణుంచి మోయకండి, అక్కడే కొనుక్కోవచ్చు.

నిప్పట్లు, చెనిక్కాయల పొడి గట్టిగా ప్యాక్ చేసి పెద్ద పెట్టెలో పెట్టుకోండి. ఊరగాయ చేతిసంచిలో వద్దు. ఏ తినుబండారం ఉన్నా, అడిగితే దాచకుండా చెప్పాలి.

బి.పి., షుగరు మాత్రలు అట్టతో సహా, డాక్టరు చీటీతో చేతిసంచిలో ఉండాలి. ముహూర్తం చీర, జాకెట్టు కూడా అందులోనే! పెట్టె ఆలస్యమైనా పెళ్ళి ఆగదు కదా.

బయలుదేరే రోజు

హిందూపురం నుంచి గౌరీబిదనూరు, దొడ్డబళ్ళాపురం మీదుగా వెళితే బెంగుళూరు ఊళ్ళోకి పోకుండానే దేవనహళ్ళి విమానాశ్రయం చేరొచ్చు. 2023 సెప్టెంబరు నుంచి విదేశీ విమానాలు రెండో టెర్మినల్ నుంచే వెళుతున్నాయి, కారు డ్రైవరుకి ముందే చెప్పండి. విమానం వేళకి మూడు గంటల ముందు అక్కడ ఉండాలి. కస్టమ్స్ కాగితం తీసుకునేవారు ఇంకో గంట కలుపుకోండి.

కాగితాలు సరిగా ఉంటే మనసు నిబ్బరంగా ఉంటుంది. ఆ తర్వాత చీర ఎంచుకోవడానికి ఎంత సేపైనా తీసుకోండి, ఎవరూ కాదనరు!