రాజమహేంద్రవరం చూడాలంటే ముందు గోదావరి అంకె చూడాలి

రాజమహేంద్రవరంలో ఏమేం చూడాలని అడిగితే పేర్లు చెప్పడం ఎంతసేపు! కోటిలింగాల రేవు, మార్కండేయేశ్వరుడి గుడి, మూడు తరాల వంతెనలు, ధవళేశ్వరం బ్యారేజీ, కడియం నర్సరీలు, పాపికొండల లాంచీ. నేనైతే వీటన్నిటికంటే ముందు ఒక అంకె చూసుకోమంటాను. ఆ రోజు ధవళేశ్వరం దగ్గర గోదావరి ఎన్ని అడుగులుంది? ఏది చూడొచ్చో, ఏది మరోసారికి వదిలెయ్యాలో ఆ అంకెను బట్టే తేలుతుంది.

ఊళ్ళో ఎండ కాస్తోంది కదా, నది మామూలుగానే ఉంటుందనుకోవడానికి లేదు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలుస్తుంది. 3,12,812 చదరపు కిలోమీటర్ల నేల మీద పడిన వాన, అంటే దేశంలో దాదాపు పదో వంతు భూమి నీరు, ఈ ఒక్క నదిలోకే చేరుతుంది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చే నీరంతా కలిశాకే రాజమహేంద్రవరం వస్తుంది. విదర్భలోనో బస్తర్‌లోనో వానలు దంచికొడితే ఇక్కడ చినుకు లేకుండానే రేవుల మెట్లు మునుగుతాయి. అందుకే ఈ ఊరివాళ్ళు వానాకాలంలో ఆకాశం కంటే ముందు భద్రాచలం వార్త వింటారు. అక్కడ ప్రమాద హెచ్చరికలు 43, 48, 53 అడుగుల దగ్గర మొదలవుతాయి. పై నుంచి ఏం దిగబోతోందో అక్కడే తెలిసిపోతుంది.

ధవళేశ్వరం లెక్క వేరు. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఆ మట్టాల్లో బ్యారేజీ దాటి సముద్రానికి పోయే నీరు సుమారు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, 28 లీటర్ల పైచిలుకు. మొదటి హెచ్చరిక నాడు మీరు బ్యారేజీ మీద నిలబడి ఒక్కసారి ఊపిరి పీల్చి వదిలేలోపు మీ కిందుగా కోట్ల లీటర్లు వెళ్ళిపోతాయి.

ఈ అంకెలు తెలిశాక ధవళేశ్వరం వెళ్తే కంటికి ఆనేదే మారిపోతుంది. చాలామంది దాన్ని డ్యామ్ అనుకుంటారు. కాదు. అక్కడ నిలవ ఉండేది 2.93 టీఎంసీలు మాత్రమే. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. మొదటి హెచ్చరిక నాటి ప్రవాహానికి ఆ నిలవంతా కలిపి 49 నిమిషాల నీళ్ళు. వరదను ఆపడం దాని పని కానే కాదు. వరద రోజుల్లో గేట్లన్నీ ఎత్తేసి నదికి దారి ఇస్తారు. నది తగ్గాక మిగిలిన నీటి మట్టాన్ని కాస్త పైకి లేపి, కాలువల్లోకి మళ్ళించడమే దాని పని. ఆ కాస్త ఎత్తు మీదే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లోని 10 లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు బతుకుతోంది.

ఆ ఎత్తును మొదట తెచ్చింది ఆర్థర్ కాటన్. 1847లో పని మొదలై 1852లో ఆనకట్ట పూర్తయింది. ఆయన చోటు ఎంచుకున్న తీరులోనే సగం తెలివి ఉంది. ధవళేశ్వరం దగ్గర అఖండ గోదావరి విస్తరించి, లంకల మధ్య పాయలుగా సాగుతుంది. నదిని ఒకే గోడతో అడ్డుకోకుండా లంకల ఆసరాతో ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టాడు. ఇప్పుడున్నది 1970లలో మొదలుపెట్టి 1980ల తొలినాళ్ళకు పూర్తిచేసిన బ్యారేజీ. అదీ ఆ నాలుగు పాయల మీదే. గేట్లు వరసగా 70, 43, 23, 39. మొత్తం 175. బ్యారేజీ మీదుగా వెళ్తుంటే గేట్లు అయిపోయి, చెట్లూ ఇళ్ళూ వచ్చి, మళ్ళీ గేట్లు మొదలవుతాయి. కొత్తవాళ్ళు అక్కడే తికమకపడతారు. ఆ మధ్యలో వచ్చేది లంక అని తెలిస్తే కట్టడం మొత్తం అర్థమవుతుంది. దగ్గర్లోనే కాటన్ మ్యూజియం ఉంది. తొందరపడకుండా చూడండి. కాటన్‌కు కుడిభుజంగా పనిచేసిన తెలుగు ఇంజనీరు వీణెం వీరన్న పేరు కూడా అక్కడ తలుచుకోవాల్సిందే. డెల్టా ఊళ్ళల్లో కాటన్‌కు విగ్రహాలు పెట్టి దండలు వేస్తారు. ఆ గౌరవంలో వీరన్న వాటా ఇంకా పెరగాలని నా మనసులో మాట.

నదిని ఎలా దాటారన్నది మరో కథ. దాన్ని వంతెనల స్తంభాల మధ్య దూరం చెబుతుంది. 1897లో మొదలుపెట్టి 1900లో రైళ్ళు నడిపిన హేవలాక్ వంతెనకు 150 అడుగుల చొప్పున 56 ఖానాలు. కట్టించిన ఇంజనీరు వాల్టన్, అంతకు ముందు కాశీలో గంగ మీద వంతెన కట్టినవాడు. 1974లో వచ్చిన రోడ్డు-రైలు వంతెనలో కింద రైలు, పైన బస్సు. రోడ్డు పొడవు 4.1 కిలోమీటర్లు. అందులో 27 ఖానాలు 91.5 మీటర్లవి, అంటే హేవలాక్ ఖానాకు రెట్టింపు. మిగతా 7 పాతకాలపు కొలతకు దగ్గరగానే, 45.7 మీటర్లు. 1997లో హేవలాక్‌కు విశ్రాంతి ఇచ్చి రైళ్ళను మళ్ళించిన ఆర్చి వంతెనకు 28 ఖానాలు, ఒక్కొక్కటీ 97.55 మీటర్లు. అదే నది, ఇంచుమించు అంతే వెడల్పు. నూరేళ్ళలో నీళ్ళలోకి దింపాల్సిన స్తంభాలు సగమయ్యాయి. క్యాలెండర్ల మీద, సినిమాల్లో చూసీ చూసీ ఆర్చి వంతెన ఊరికి గుర్తయిపోయింది గానీ, నా ఓటు మాత్రం హేవలాక్‌కే. కంప్యూటర్లు లేని రోజుల్లో గోదావరి అడుగున పునాదులు దింపి, దాదాపు నూరేళ్ళు రైళ్ళను మోసిన వంతెన అది. 2015లో కాతేరు వైపు నాలుగో వంతెన వచ్చింది. అది ప్రయాణానికి ఉపయోగం, చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు.

మళ్ళీ వరద అంకెలకు వస్తే, 1986 ఆగస్టు వరదల్లో ధవళేశ్వరం దగ్గర నీరు 24.55 అడుగులకు చేరింది. 35 లక్షల క్యూసెక్కుల పైన. ఆ వేగం ఒక్క రోజు నిలిస్తే దాదాపు 303 టీఎంసీలు. నాగార్జునసాగర్ మొత్తం సామర్థ్యం 312 టీఎంసీలు. 2022 జులైలో వచ్చినది కూడా చిన్న వరదేం కాదు. దాదాపు 26 లక్షల క్యూసెక్కులు దిగాయి. మూడో హెచ్చరిక దాటాక పెరిగే ఒక్కో అడుగుకూ 2 లక్షల క్యూసెక్కుల పైనే కలుస్తాయని ఈ రికార్డుల నుంచి లెక్క తీయొచ్చు. టీవీలో "మరో అడుగు పెరిగింది" అని విన్నప్పుడు ఆ అడుగు బరువు లంక గ్రామాలవాళ్ళకు తెలుసు. మనకూ తెలియాలి.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది పాపికొండల ప్రయాణం గురించి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగింది. 77 మందిలో 26 మందే బయటపడ్డారు. ఆ రోజు నదిలో ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరం మొదటి హెచ్చరికకు అది సగమే! హెచ్చరిక లేదు కాబట్టి లాంచీ ఎక్కొచ్చనుకునేవాళ్ళకు ఈ ఒక్క పోలిక చాలు. హెచ్చరిక మట్టాలు బ్యారేజీకీ, గట్లకూ, లంకలకూ పెట్టినవి, విహార లాంచీలకు కాదు. రాజమహేంద్రవరం దగ్గర రెండున్నర కిలోమీటర్లకు పైగా పరుచుకునే నది పాపికొండల మధ్య కొన్ని వందల మీటర్లలోకి ఇరుక్కుంటుంది. అదే నీరు ఇరుకు దారిలో లోతుగా, సుడులు తిరుగుతూ పోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నీరు తేరి, మంచు కొండల మీద ఆడే రోజుల్లో వెళ్ళండి. లైఫ్ జాకెట్ గట్టు దిగకముందే తొడుక్కోండి, తీరం చేరేదాకా విప్పకండి. అధికారులు బోట్లు ఆపారంటే బతిమాలకుండా వెనక్కి రండి.

వరద రోజుల్లో ఊళ్ళోనే చూడాల్సినవి లేవా? వెయ్యేళ్ళ కిందట రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ భారతం మొదలుపెట్టిన ఊరిది. 1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులు తొలి వితంతు వివాహం జరిపించింది ఇక్కడే. ఆయన టౌన్ హాలు ఇప్పటికీ ఉంది. దామెర్ల రామారావు చిత్రశాలకు మాత్రం ఒక పూట పూర్తిగా కేటాయించండి. 1897లో పుట్టి 1925లో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. ఆ బొమ్మల ముందు నిలబడినప్పుడు ఆ వయసు గుర్తుకొస్తే గుండె పట్టేస్తుంది. బయటికొచ్చి చల్లగా ఒక రోజ్ మిల్క్ తాగండి, ఈ ఊరి అలవాటు అది.

వానాకాలంలో ఎర్రనీరు వచ్చినప్పుడు సముద్రం నుంచి ఏటికి ఎదురీదుతూ పులస చేప వస్తుంది. సముద్రంలో ఉన్నప్పుడు అదే చేపను ఇలస అంటారు. ధవళేశ్వరం దిగువ రేవుల్లో దొరికేది ఆ కొద్ది నెలలే. ధర వేలల్లో ఉంటుంది, నకిలీ బెడదా ఉంది. తెలిసినవాళ్ళు తోడుంటే తప్ప కొనకపోవడం మంచిది. సముద్రం దాకా వెళ్ళాలనుంటే రెండు దారులున్నాయి. బ్యారేజీ దిగువన నది గౌతమి, వసిష్ఠలుగా చీలుతుంది. గౌతమి వెంట వెళ్తే యానాం, ఆ పైన 235 చదరపు కిలోమీటర్ల కోరంగి మడ అడవులు. వసిష్ఠ వెంట వెళ్తే అంతర్వేది.

2027లో పుష్కరాలు, 12 ఏళ్ళకు ఒకసారి, 12 రోజులు. 2015లో మొదటి రోజునే పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా భక్తులు చనిపోయారు. అందరూ ఒకే ముహూర్తానికి, ఒకే రేవుకు రావడం వల్ల వచ్చిన ముప్పు అది. పుష్కర పుణ్యం 12 రోజులూ ఉంటుంది. నది ఒడ్డు పొడవునా, అటు కొవ్వూరు వైపు కూడా రేవులున్నాయి. పెద్దవాళ్ళనూ పిల్లలనూ తీసుకెళ్ళేవాళ్ళు మొదటి రోజు, సెలవు రోజులు వదిలేసి మధ్యలో ఒక మామూలు రోజు ఎంచుకోండి. బయలుదేరే ముందు ధవళేశ్వరం మట్టంతో పాటు ఏ రేవులో ఎంత రద్దీ ఉందో కనుక్కోండి.