బండ మీద అడవి

అడవి చూపిస్తానని చెప్పి మాస్టారు మీ తరగతిని హైదరాబాదులోని ఖాజాగూడ గుట్టకు తీసుకువెళ్ళారనుకోండి. చుట్టూ ఐ.టి. కంపెనీల అద్దాల మేడలు, ఎదురుగా బోడి బండలు. "అడవేదండీ?" అని మీరు అడగక మానరు. భూతద్దం తీసి ఆ బండనే దగ్గరగా చూడండి.

ఈ గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమి లోపల కరిగిన శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గట్టిపడగా ఏర్పడింది. తర్వాత దానిలో అడ్డంగా, నిలువుగా పగుళ్ళు వచ్చాయి. మట్టి కింద ఉండగానే నీరు వాటిలోకి దిగి రాతిని మెత్తబరచింది. దిమ్మె మూలలను నీరు మూడు వైపుల నుండి తాకుతుంది కనుక అవే ముందు అరుగుతాయి, దిమ్మె గుండ్రమవుతుంది. చుట్టూ ఉన్న మెత్తని మట్టి వానలకు కొట్టుకుపోగా గట్టి గుండ్లు మిగిలాయి. ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న ఆ గుండ్లను ఏ భీముడూ పేర్చలేదు!

బండ మీద బూడిద, పసుపు, నలుపు మచ్చలు కనిపిస్తున్నాయా? అవి మరకలు కావు, లైకెన్లనే జీవులు. ఒక శిలీంధ్రం, ఒక శైవలం కలిసి చేసే కాపురమే లైకెన్. శైవలం కిరణజన్య సంయోగక్రియ ద్వారా ఆహారం తయారుచేస్తుంది. శిలీంధ్రం తేమను పట్టి ఉంచి దానికి గూడు కల్పిస్తుంది. లైకెన్ల ఆమ్లాలు రాతిని కొద్దికొద్దిగా కరిగిస్తాయి. ఆ పొడి, చచ్చిన లైకెన్లు, గాలి తెచ్చిన ధూళి కలిసి పగుళ్ళలో చారెడు మట్టి చేరుతుంది. దానిలో మొదట నాచు, పిదప గడ్డి, ఆ తర్వాత సీతాఫలం వంటి పొదలు. (పేరు మన సీతమ్మదే అయినా ఈ చెట్టు పుట్టిల్లు అమెరికా ఖండం. దాని ఆకును మేకలు సాధారణంగా ముట్టవు.)

చాలా లైకెన్లు ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరగవు. అరచేయంత మచ్చ మీ మాస్టారి కంటే పెద్దది కావచ్చు! బండపై మేకుతో పేరు చెక్కితే చెరిగిపోయేది అదే. ఇక బండనే పేల్చి కంకర చేస్తే చెప్పేదేముంది? ఇటువంటి శిలలను కాపాడాలని 1996లో హైదరాబాదులో 'సొసైటీ టు సేవ్ రాక్స్' ఏర్పడింది.

గుట్ట ఎక్కేటప్పుడు మంచినీళ్ళు వెంట ఉంచుకోండి. పగుళ్ళలో చేయి పెట్టకండి. పాములు, తేళ్ళు ఉండవచ్చు.

దారి తప్పితే దిక్కులెలా తెలుస్తాయి? మూరెడు పుల్లను రాళ్ళ ఊతంతో నిటారుగా నిలపండి. నీడ కొన మీద ఒక గులకరాయి పెట్టండి. ఇరవై నిమిషాలాగి, జరిగిన నీడ కొన మీద మరొకటి పెట్టండి. మొదటి రాయి పడమర, రెండవది తూర్పు. మధ్యాహ్నం దగ్గరలో చేస్తే ఫలితం మరింత సరిగా వస్తుంది.

మిట్టమధ్యాహ్నపు నీడ ఉత్తరానికే పడుతుందని విదేశీ పుస్తకాలలో చదివి ఉంటారు. చలికాలంలో ఇక్కడా అది నిజమే. కాని హైదరాబాదు కర్కట రేఖకు దక్షిణాన ఉన్నది కనుక మే రెండవ వారం నుండి ఆగస్టు మొదటి రోజుల దాకా ఆ నీడ దక్షిణానికి పడుతుంది. సుమారుగా మే 9న, ఆగస్టు 3న మిట్టమధ్యాహ్నం పుల్లకు నీడే కనిపించదు.