పిల్లలకి బస్సు గురించి, ఫోన్ గురించి ఎలా చెప్పాలి? చార్టు ఒక్కటే సరిపోదు

ఈరోజు ఎపిసోడ్ ఇంట్లో మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు ఉన్నవాళ్ళ కోసం. అమ్మానాన్నలే కానక్కర్లేదు. అక్క, పిన్ని, బాబాయ్, మేనమామ, ట్యూషన్ చెప్పేవాళ్ళు ఎవరైనా సరే, ఒక్క పది నిమిషాలు నాతో ఉండండి.

టాపిక్ ఏంటంటే రవాణా సాధనాలు, సమాచార సాధనాలు. ఈ మాట వినగానే మనకి గుర్తొచ్చేది గోడకి అంటించిన రంగుల చార్టు. బస్సు, రైలు, ఓడ, విమానం, పక్కన ఉత్తరం, టీవీ, ఫోన్. "ఇదేంటి నాన్నా?" "బస్సు." "శభాష్!" అంతే, పాఠం అయిపోయింది అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నా. అది తప్పని నాకు ఒక బస్టాండులో తెలిసింది. ముందు అది చెప్తాను.

పోయిన సంక్రాంతికి ఊరెళ్తున్నాం. బస్టాండు కిటకిటలాడుతోంది. ఒక చేతిలో బ్యాగు, ఇంకో చేతిలో మా పాప చెయ్యి. అప్పటికి దానికి నాలుగున్నరేళ్లు. చిల్లర తీయడానికని చెయ్యి వదిలాను. తలెత్తి చూస్తే పాప లేదు. ఫ్రెండ్స్, ఆ నిమిషాలు ఎలా గడిచాయో నేను చెప్పలేను. కాసేపటికి మైకులో వినబడింది, "పసుపు రంగు గౌను వేసుకున్న పాప ఎంక్వైరీ దగ్గర ఉంది" అని. పరుగెత్తాను. బిస్కెట్ల కొట్టాయన దాన్ని అక్కడికి తీసుకొచ్చాడట. ఆయన నాతో ఒకటే అన్నాడు. "అమ్మా, మీ అమ్మ పేరేంటని అడిగితే 'అమ్మ' అంటోంది. ఫోన్ నంబర్ అడిగితే చూస్తోంది. ఊరి పేరు కూడా చెప్పలేదు."

చూడండి, అప్పటికే మా పాపకి చార్టు మొత్తం వచ్చు. హెలికాప్టర్ వచ్చు, సబ్‌మెరైన్ కూడా వచ్చు. కానీ తను ఏ బస్సెక్కాలో తెలీదు, నాకు ఫోన్ ఎలా చేయించాలో తెలీదు. తప్పు దానిది కాదు, నాదే. ఆ రోజు నుంచి ఈ పాఠం మొత్తం మార్చేశాను. ఏం మార్చానో ఒక్కొక్కటిగా చెప్తా.

మొదటిది. చార్టు చివరికి రావాలి, ముందుకి కాదు. పిల్లలు ముందు చూడాలి, తర్వాత ఎక్కాలి, ఆ తర్వాతే బొమ్మ. మొదలు పెట్టాల్సింది విమానంతో కాదు, కాళ్ళతో. "మనం కొట్టుకి ఎలా వెళ్ళాం? నడిచి. అమ్మమ్మ వాళ్ళింటికి నడిచి వెళ్ళగలమా? ఎందుకు వెళ్ళలేం?" అక్కడ పిల్లకే అర్థమవుతుంది, దూరం పెరిగితే బండి కావాలని. రవాణా అంటే ఇదే. మనిషినో, వస్తువునో ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడం. కూరగాయల ట్రాలీ ఆటో, పాల వ్యాను, నీళ్ళ ట్యాంకర్ ఇవన్నీ కూడా అందులోవే. చార్టులో ఇవి ఉండవు. మన వీధిలో మాత్రం రోజూ ఇవే తిరుగుతాయి.

రెండోది. ఏ బండి కనబడినా మూడు ప్రశ్నలు అడగండి. ఇది దేని మీద వెళ్తుంది? దీన్ని ఎవరు నడుపుతారు? ఇది ఏం తిని నడుస్తుంది? ఈ మూడో ప్రశ్న పిల్లలకి భలే ఇష్టం. స్కూటర్ పెట్రోలు తాగుతుంది. లారీ డీజిల్ తాగుతుంది. కొన్ని ఆటోలు గ్యాస్‌తో నడుస్తాయి. మరి సైకిల్? "సైకిల్ నువ్వు తిన్న అన్నంతో నడుస్తుంది" అంటే పకపకా నవ్వుతారు, కానీ మర్చిపోరు.

"రైలు పెట్రోల్ బంకుకి ఎందుకు రాదమ్మా?" అని మా పాప అడిగింది. అప్పుడు పైన ఉన్న తీగ చూపించాను. ఆ తీగలో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. ఇంట్లో మన ప్లగ్గులో ఉండేది 230. పిల్లకి అంకెలు అర్థం కాకపోయినా "మనింట్లో కంటే చాలా చాలా ఎక్కువ" అన్నది అర్థమవుతుంది. ఆగి ఉన్న రైలు పైకి ఎక్కకూడదని, తీగల దగ్గర గాలిపటం ఎగరెయ్యకూడదని అక్కడే చెప్పేయొచ్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇప్పుడు కరెంటు స్కూటర్లు వచ్చాయి. చప్పుడు దాదాపు ఉండదు. మన చిన్నప్పుడు బండి శబ్దం విని పక్కకి జరిగేవాళ్ళం. ఇప్పుడు చెవిని నమ్ముకుంటే కుదరదు. కాబట్టి "వినబడలేదు" అంటే "బండి రావట్లేదు" అని కాదు, కుడివైపు చూడు, ఎడమవైపు చూడు, మళ్ళీ కుడివైపు చూడు అని రోజూ రోడ్డు దాటేటప్పుడు చేయించండి. మనం నోటితో చెప్తే సరిపోదు, మన తల కూడా తిరగాలి. వాళ్ళు చూసేది మన తలని.

మూడోది, ఆటలు. ఖర్చు ఏమీ లేదు. నంబరు ప్లేట్ల రంగులు కనిపెట్టడం ఒక ఆట. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే సొంత బండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అద్దెకి తిరిగే బండి, అంటే ట్యాక్సీ, ఆటో, లారీ లాంటివి. ఆకుపచ్చ ప్లేటు ఉంటే కరెంటు బండి. ఐదేళ్ల పిల్లలు రెండు రోజుల్లో పట్టేస్తారు. ఇంకొంచెం పెద్దవాళ్ళైతే ఆర్టీసీ బస్సు నంబర్లో జెడ్ అక్షరం వెతకమనండి. తెలుగు రాష్ట్రాల్లో ఆర్టీసీ సొంత బస్సుల నంబర్లలో ఆ అక్షరం కనబడుతుంది.

రైలు వెళ్ళిపోతుంటే చివరి పెట్టె చూడమనండి. చాలా రైళ్ళకి వెనకాల పెద్ద ఎక్స్ గుర్తు ఉంటుంది. అది "నేనే ఆఖరి పెట్టెని" అని స్టేషన్ వాళ్ళకి చెప్పడం. అది కనబడితే రైలు మొత్తం వచ్చేసిందని, మధ్యలో పెట్టెలేవీ ఊడిపోలేదని వాళ్ళకి తెలుస్తుంది. మాట లేకుండా ఒక గుర్తు కబురు చెప్తోంది చూశారా?

నీటి మీద వెళ్ళేవాటికి మనకి గోదావరి, కృష్ణ ఉన్నాయి. నేను చిన్నప్పుడు సఖినేటిపల్లి నుంచి నర్సాపురానికి పంటు మీద గోదావరి దాటాను. మనుషులు, సైకిళ్ళు, బళ్ళు అన్నీ దాని మీదే. పిల్లకి ఓడ అని పుస్తకంలో చూపించే ముందు ఒక పడవ చూపించండి. ఎక్కితే మాత్రం ముందు లైఫ్ జాకెట్, తర్వాతే ఫోటో.

ఇప్పుడు రెండో భాగం, సమాచార సాధనాలు. రవాణా మనుషుల్ని, వస్తువుల్ని మోస్తుంది. సమాచార సాధనం మాటని మోస్తుంది. ఇంత సింపుల్‌గా చెప్పండి. నువ్వు పుట్టగానే ఏడ్చావు, అది కూడా ఒక కబురే, "ఆకలేస్తోంది" అని. కుక్కర్ విజిల్ ఒక కబురు. బడి గంట ఒక కబురు. అంబులెన్స్ సైరన్ "దారి ఇవ్వండి" అనే కబురు.

తర్వాత రెండు రకాలు చెప్పండి. ఒకరు ఒకరికి చెప్పేది ఫోన్, ఉత్తరం. ఒకరు చాలామందికి చెప్పేది టీవీ, రేడియో, పేపరు, మైకు. మా పాపకి ఇది చెప్పడం తేలికైంది. "ఆ రోజు బస్టాండులో మైకు ఎందుకు వాడారు?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "నువ్వు ఎక్కడున్నావో వాళ్ళకి తెలీదుగా, అందుకని అందరికీ చెప్పారు" అంది. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

ఫోన్ ఎలా పనిచేస్తుందో చెప్పాలంటే రెండు కాగితం గ్లాసులు, పొడవాటి దారం చాలు. గ్లాసుల అడుగున చిల్లు పెట్టి, దారం దూర్చి ముడి వేయండి. ఒకళ్ళు మాట్లాడాలి, ఒకళ్ళు చెవి దగ్గర పెట్టుకోవాలి. దారం బిగుతుగా ఉంటేనే వినబడుతుంది. వదులుగా ఉంటే వినబడదు, ఎందుకంటే గొంతు వల్ల వచ్చే కదలిక దారం వెంబడి సరిగ్గా వెళ్ళలేదు. తర్వాత అసలు ఫోన్ సంగతి చెప్పండి. మన గొంతు ఫోన్‌లో సిగ్నల్‌గా మారి గాల్లో టవర్ దాకా వెళ్తుంది. అక్కడి నుంచి ఎక్కువగా భూమిలోని కేబుళ్ళ గుండా వెళ్ళి, అవతలి మనిషికి దగ్గర్లో ఉన్న టవర్ నుంచి వాళ్ళ ఫోన్‌కి చేరుతుంది. అమెరికాలో ఉన్న మావయ్యతో వీడియో కాల్ మాట్లాడుతున్నారా? అది ఉపగ్రహం నుంచి వస్తోందని చాలామంది పెద్దవాళ్ళు కూడా అనుకుంటారు. దేశాల మధ్య వెళ్ళే సమాచారంలో ఎక్కువ భాగం సముద్రం అడుగున వేసిన కేబుళ్ళలోనే ప్రయాణిస్తుంది. "మావయ్య మాట చేపల కింద నుంచి వస్తోంది" అని చెప్పి చూడండి, ఇక ఆ పిల్ల నిద్రపోదు!

ఒక పోస్టుకార్డు కొనండి. పిల్లతో బొమ్మ వేయించి, మీ ఇంటి అడ్రసే రాసి, ఎర్ర డబ్బాలో తన చేత్తోనే వేయించండి. కొన్ని రోజులు ఆగాలి. రోజూ "వచ్చిందా?" అని అడుగుతారు. అన్నీ క్షణంలో వచ్చేసే ఈ రోజుల్లో ఆ ఎదురుచూపు కూడా ఒక పాఠమే. ఆ కార్డు మీద పిన్ కోడ్ చూపించండి. 1972 ఆగస్టు 15న ఇది మొదలైంది. మొత్తం ఆరు అంకెలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక మూడు రాష్ట్రాలకీ మొదటి అంకె 5. చివరి మూడు అంకెలు ఏ పోస్టాఫీసో చెప్తాయి. రాజమండ్రి 533101, హైదరాబాద్ జీపీవో 500001. ఉత్తరం మాటని మోస్తుంది, ఆ ఉత్తరాన్ని వ్యాను, రైలు, చివరికి పోస్ట్‌మ్యాన్ బండి మోస్తాయి. రెండు పాఠాలూ అక్కడ కలిసిపోతాయి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. మన చిన్నప్పుడు ఇంటి ల్యాండ్‌లైన్ నంబర్ నోటికి వచ్చేది. ఇప్పుడు మనకే మన వాళ్ళ నంబర్లు రావు, "అమ్మ" అని సేవ్ చేసుకున్నాం కాబట్టి. పిల్లలకి ఎలా వస్తాయి? అందుకని పది అంకెలని మూడు, మూడు, నాలుగుగా విడగొట్టండి. వాళ్ళకి నచ్చిన పాట బాణీలో పాడించండి. స్నానం చేయించేటప్పుడు ఒకసారి, అన్నం పెట్టేటప్పుడు ఒకసారి. మా పాపకి రెండు వారాలు పట్టింది. అమ్మ పూర్తి పేరు, నాన్న పూర్తి పేరు, ఊరి పేరు కూడా నేర్పించండి. "అమ్మకి ఇంకో పేరు కూడా ఉందా?" అని వాళ్ళు ఆశ్చర్యపోతారు. తప్పిపోతే అటూఇటూ పరుగెత్తకుండా అక్కడే ఆగి, యూనిఫాం వేసుకున్నవాళ్ళనో, కొట్టులో ఉన్నవాళ్ళనో, పిల్లలతో ఉన్న అమ్మనో సాయం అడగమని చెప్పండి.

ఐదేళ్లు దాటితే 112 నేర్పించండి. దేశమంతా అత్యవసరానికి ఒకటే నంబరు. అంబులెన్స్‌కి 108 మనందరికీ తెలిసిందే. పిల్లల సహాయానికి 1098. ఫోన్ లాక్‌లో ఉన్నా ఎమర్జెన్సీ అనే బటన్ నొక్కి 112 చేయొచ్చు. అది ఎక్కడుందో చూపించండి, కానీ ఊరికే కాల్ చేయించకండి. బొమ్మ ఫోన్‌తో ప్రాక్టీస్ చేయించండి. పేరు చెప్పాలి, ఎక్కడున్నారో చెప్పాలి, ఏం జరిగిందో చెప్పాలి. ఇంట్లో నానమ్మ, మనవరాలు ఇద్దరే ఉన్నప్పుడు నానమ్మ పడిపోతే, ఈ మూడు ముక్కలే ఆమెని కాపాడొచ్చు.

చివరిగా మన సంగతి. 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న రూలు ప్రకారం, తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలని బండి మీద తీసుకెళ్తే హెల్మెట్, నడిపేవాళ్ళకి కట్టే సేఫ్టీ బెల్టు ఉండాలి, వేగం 40 దాటకూడదు. నాలుగేళ్లు దాటితే హెల్మెట్ ఎలాగూ తప్పదు. మనమేమో ముందు నిలబెట్టుకుని, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని వెళ్తాం. ఒక్క బండి మీద రవాణా, సమాచారం రెండూ తప్పుగా నేర్పిస్తున్నాం కదా! అలాగే ఈ పాఠాన్ని యూట్యూబ్‌కి వదిలేయకండి. రెండేళ్ల నుంచి నాలుగేళ్ల పిల్లలకి స్క్రీన్ రోజుకి గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంటలో కూడా మీరు పక్కన ఉంటే మంచిది.

ఈ వారం అన్నీ చేయక్కర్లేదు. ఒకటి చేయండి చాలు. ఈ వీడియో ఇక్కడ ఆపేసి, పిల్లని పిలిచి, "మీ అమ్మ పేరేంటి? అమ్మ ఫోన్ నంబర్ ఎంత?" అని అడగండి. ఏం చెప్పారో కామెంట్‌లో రాయండి, నంబర్ మాత్రం రాయకండి! నంబర్ రాకపోతే కంగారు పడకండి, ఈరోజు రాత్రి అన్నం దగ్గరే మొదటి మూడు అంకెలు మొదలుపెట్టండి.