ఇంటికి డబ్బు పంపుతున్నారా? ఐబాన్ వేరు, ఐఎఫ్‌ఎస్‌సీ వేరు

దుబాయ్‌లో మీ జీతం పడే ఖాతాకు ఐబాన్ నంబరు ఉంటుంది. మొత్తం 23 స్థానాలు: ముందు దేశం గుర్తు 'ఏఈ', తర్వాత 2 తనిఖీ అంకెలు, 3 అంకెల బ్యాంకు కోడ్, 16 అంకెల ఖాతా నంబరు. సౌదీలో 24, ఖతర్‌లో 29, కువైట్‌లో 30 స్థానాలు. ఎక్కడైనా ఒక్క అంకె తప్పు కొడితే ఆ తనిఖీ అంకెలే పట్టేస్తాయి.

ఇండియాలో ఐబాన్ లేదు. ఇంటికి పంపాలంటే ఖాతా నంబరు, 11 స్థానాల ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ కావాలి. కోడ్‌లో మొదటి 4 అక్షరాలు బ్యాంకును, చివరి 6 బ్రాంచీని చెబుతాయి. ఐదోది సున్నా, 'ఓ' అక్షరం కాదు.

అసలు జాగ్రత్త ఇక్కడే. మన బ్యాంకుల్లో ఖాతా నంబరు చూసే డబ్బు జమ చేస్తారు. పేరు తేడా ఉంటే ఆగిపోతుందిలే అనుకోవద్దు. అంకె తప్పితే మీ కష్టార్జితం ఇంకొకరి ఖాతాలో పడొచ్చు.

ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, కోడ్‌లూ మారాయి. ఎక్స్ఛేంజ్‌లో మీ పేరున పాత కోడే ఉంటే మార్పించండి. ఇంటివాళ్లతో కొత్త పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటో తెప్పించుకుని అంకె అంకె సరిచూసుకోండి. కొత్త ఖాతాకైతే ముందు చిన్న మొత్తం పంపి, అందిందని ఇంటివాళ్లు చెప్పాకే మిగతాది పంపండి. రసీదు దాచుకోండి.