కరుణాపీఠం కింద ధర్మశాస్త్రం

'దేవుడు ప్రేమామయుడు గదా, క్షమించేస్తాడులే' అనే మాట మన మధ్య తరచుగా వినిపిస్తుంది. 'నాలాంటి పాపిని దేవుడెందుకు క్షమిస్తాడు?' అనే మాట కూడా అప్పుడప్పుడు వింటూనే ఉంటాం. మొదటి మాట దేవుని పరిశుద్ధతను మరచింది. రెండవది ఆయన కనికరాన్ని మరచింది. పరిశుద్ధత, న్యాయం, కనికరం దేవునిలో ఎలా కలిసి ఉంటాయో ఇశ్రాయేలీయులకు అరణ్యంలోనే కళ్లకు కట్టినట్టు చూపించబడింది. ఆ పాఠం పేరు నిబంధన మందసం.

అది తుమ్మకర్రతో చేసి, లోపలా వెలుపలా బంగారు రేకు పొదిగిన పెట్టె. రెండున్నర మూరల పొడవు, మూరెడున్నర వెడల్పు. అందులో ఆజ్ఞల పలకలు ఉండేవి. దానిపైన మేలిమి బంగారంతో చేసిన మూతకే కరుణాపీఠమని పేరు. దాని రెండు కొనలలో ఉన్న కెరూబుల నడుమనుండి దేవుడు మోషేతో మాట్లాడేవాడు (నిర్గమ 25:10-22).

ఆ తెర లోపలికి ప్రధాన యాజకుడు ఏడాదిలో ఒక్క దినమే, ఏడవ నెల పదవ దినాన, వెళ్లాలి. అహరోను కుమారులు నాదాబు, అబీహు దేవుని సన్నిధిలో చనిపోయిన తరువాత ఈ కట్టడ వచ్చింది. యాజకుడు మొదట తన పాపాల కోసం కోడె రక్తాన్ని, ఆ తరువాత ప్రజల కోసం మేక రక్తాన్ని కరుణాపీఠం మీద ప్రోక్షించాలి (లేవీ 16). పైన పరిశుద్ధుని సన్నిధి, కింద మనుషులు మీరిన ఆజ్ఞలు, ఆ రెంటి నడుమ రక్తం. పాపిని క్షమించడానికి దేవుడు ఆ పలకలను తీసి పారవేయలేదు. వాటి మీదనే తన కరుణకు పీఠం వేశాడు.

అపొస్తలుడైన పౌలు యేసుక్రీస్తును 'కరుణాధారం' అన్నాడు (రోమా 3:25). గ్రీకు మూలంలో ఆ మాట 'హిలస్తేరియోన్'. పాత నిబంధన ప్రాచీన గ్రీకు అనువాదంలో కరుణాపీఠానికి వాడినదీ, హెబ్రీ పత్రిక 9:5లో ఉన్నదీ ఆ మాటే. ఒకప్పుడు తెర చాటున, ఒక్క యాజకుని కళ్లముందు జరిగినది గొల్గొతాలో దారిన పోయేవారంతా చూస్తుండగా జరిగింది. అక్కడ పాపానికి శిక్ష తప్పలేదు, పాపికి రక్షణా తప్పలేదు. సిలువలో దేవుడు న్యాయవంతుడుగానే ఉండి, విశ్వసించినవానిని నీతిమంతునిగా తీర్చాడు.

మరి ఆ కరుణ పొందినవారి బ్రతుకు ఎలా ఉండాలి? పొరుగువానిని మోసగించి తీసుకున్నదానిని ఐదవ వంతు కలిపి తిరిగి ఇచ్చి, అపరాధ పరిహారార్థ బలి తేవాలని ధర్మశాస్త్రం చెప్పింది (లేవీ 6:1-7). జక్కయ్య ఇంటికి యేసు ముందుగా కృపతో వెళ్లాడు. ఆ కృప పొందిన జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19:8). రక్షణ కొనుక్కోవడానికి ఇచ్చిన సొమ్ము కాదది, రక్షణ వచ్చిందనడానికి గుర్తు.

చెల్లెలి వాటా పొలాన్ని మోసంతో తన పేర రాయించుకున్న అన్న ఒకడున్నాడనుకుందాం. అతడు ప్రతి ఆదివారం కన్నీళ్లతో ప్రార్థిస్తాడు, బల్లలో పాలుపొందుతాడు. చెల్లెలు నోరు విప్పితే సంఘ పెద్దలు 'క్షమించమ్మా, విశ్వాసివి గదా' అంటారు. పొలం మాత్రం అతని దగ్గరే ఉంటుంది. ఇది పలకలు లేని కరుణాపీఠం. నష్టపోయినవారి నోరు మూయించడానికి దేవుని కనికరాన్ని వాడుకుంటే, ఆయన పరిశుద్ధ నామాన్నే అవమానించినవారమవుతాం. చెల్లెలిని క్షమించమనే సంఘం, అన్నను తిరిగి ఇమ్మని కూడా అడగాలి.

తిరిగి ఇవ్వడానికి చేతిలో చిల్లిగవ్వ లేనివారూ మనలో ఉన్నారు. సిలువ మీది దొంగ ఎవరికీ ఏమీ తిరిగి ఇవ్వలేకపోయాడు, అయినా పరదైసు అతనికి దక్కింది. ఇయ్యలేనివానిని ప్రభువు త్రోసివేయడు. ఇయ్యగలిగి ఇయ్యనివానితో మాత్రం, అర్పణను బలిపీఠం ఎదుటే విడిచి ముందు సహోదరునితో సమాధానపడమంటున్నాడు (మత్తయి 5:23-24). వచ్చే ఆదివారం రొట్టె అందుకొనే ముందు ఆ చేతిలో ఇంకెవరిదైనా ఉన్నదేమో చూచుకుందాం.